దారం కనిపించని యంత్రం

విజయవాడ వించిపేటలో బడే మియా నాటక సామాను కొట్టు పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. ఆ కొలతల్లోనే స్వర్గం ఒకటి, అంతఃపురాలు రెండు, అడవి ఒకటి, శ్మశానం ఒకటి తెరల చుట్టలై గోడకు చేరగిలబడి ఉండేవి. స్వర్గానికి చెదలు పట్టి చాలాకాలమైంది. శ్మశానం మాత్రం చెక్కుచెదరలేదు. అటక మీద కిరీటాలు, మూలన గదలు, మేకులకు గడ్డాలు. గడ్డాల్లో ఋషులవి వేరు, రాక్షసులవి వేరు. పదేళ్ళుగా ఎవరూ అడగక రెండూ ఒకే రంగుకు వచ్చాయి.

అయితే బడే మియాకు పేరొచ్చింది ఈ సామాను వల్ల కాదు. ఆయన ట్రిక్ సీన్ల మనిషి. పౌరాణిక నాటకం ఆడని ఊరు కృష్ణా జిల్లాలో లేని రోజుల్లో, చక్రం వేలి మీంచి లేచి, గాలిలో గిరగిరా తిరుగుతూ వెళ్ళి, అవతలివాడి తల తీసి, బుద్ధిగా తిరిగొచ్చి అదే వేలికి తగులుకోవాలంటే బడే మియా రావాలి. బాణాలు ఎదురెదురుగా వచ్చి నిప్పులు కక్కుతూ ఢీకొనాలన్నా, పుట్టలోంచి పాము లేచి పడగ విప్పాలన్నా ఆయనే. పామర్రు నుంచి మైలవరం దాకా దేవుళ్ళందరూ ఆయన చలవతోనే మహిమలు చూపించారు. ఈ మాట ఆయన ఎన్నడూ అనలేదు. ఐదు పూటలా నమాజు చేసుకునే మనిషి. ఇతరుల దేవుళ్ళ దగ్గర పనిచేసినంతసేపూ గొంతు కూడా పైకెత్తేవాడు కాదు.

ఆ వృత్తికి శాసనాలు రెండే. దారం కనపడకూడదనేది మొదటిది. కనపడిన నాడు ట్రిక్ సీను మనిషి ఆ ఊరి మొహం మళ్ళీ చూడకూడదు. రెండోది చేతిదారం. ట్రిక్కు తనంతట తను ఎంత చక్కగా నడిచేదైనా సరే, తెర వెనక మనిషి చేతిలో అదనంగా ఒక దారం ఉండి తీరాలి. నడుమ ఆగిపోతే అది లాగి నాటకాన్ని గట్టెక్కించాలి. బడే మియా ఉస్తాదు ఒకసారి కూచిపూడి దగ్గర ఓ ఊళ్ళో, మరీ ధీమా కొద్దీ, చేతిదారం కట్టలేదట. చక్రం సగం దూరం వెళ్ళి రాక్షసుడి నెత్తి మీద నిలబడిపోయింది. రాక్షస వేషధారి కొంతసేపు దానికేసి చూశాడు. ఇక అది దిగేలా లేదని తేల్చుకుని, మర్యాద కోసం తనంతట తానే చచ్చిపోయాడు. ఆ మర్నాడే ఉస్తాదు వృత్తి మానేశాడు. అప్పటినుంచీ శిష్యుడి చేతిలో దారం లేకుండా తెర లేచింది లేదు.

తరవాత టీవీలు వచ్చాయి. దేవుళ్ళు ఆదివారం పొద్దున్నే ఇంటికే వచ్చి, దారాలూ కప్పీలూ అక్కర్లేకుండా మహిమలు చూపించడం మొదలుపెట్టారు. నాటక పరిషత్తులు సాంఘిక నాటకాలకు మళ్ళాయి. వాటిలో ఒక సోఫా, ఒక టెలిఫోను, ఒక కన్నీటి సీను చాలు. వీటిలో దేన్నీ గాల్లోకి లేపనక్కర్లేదు. బడే మియాకు చివరకు మిగిలింది బళ్ళ వార్షికోత్సవాలు. ఎల్కేజీ పిల్లాడికి కిరీటం పెట్టి, అది కళ్ళమీదికి జారకుండా లోపల పాత గుడ్డ కుక్కడం. నలభై ఏళ్ళ విద్య ఆ గుడ్డ దగ్గరకొచ్చి ఆగింది.

ఇంతలో 1999 ఆఖరులో కొడుకు తారిక్ ఒక ప్రతిపాదన తెచ్చాడు. తారిక్ ఆటోనగర్‌లో లారీ బాడీలకు వెల్డింగ్ చేస్తాడు. మంచివాడే. తండ్రి మీద కోపం లేదు, కొట్టు మీద కన్నుంది. ఆ గదిలో ఎస్టీడీ బూతు, జిరాక్సు మిషను పెడితే భార్య జుబియా చూసుకుంటుందని అతని ఆలోచన. మార్చి ఆఖరుకల్లా ఖాళీ చేద్దామన్నాడు. ఈలోపు కొట్టుకు ఏడాది పాటు పని దొరికితే మళ్ళీ ఆ మాటే ఎత్తనని కూడా అన్నాడు. న్యాయమైన మాట. న్యాయమైన మాటకు బదులు చెప్పడం కష్టం గనక బడే మియా ఆ పూట అన్నం దగ్గర్నుంచి త్వరగా లేచాడు. 

ఆయన బాధ తిండి గురించి కాదు. తిండి కొడుకు పెడతాడు. పొద్దున్నే లేచి, టీ తాగి, తాళంచెవి జేబులో వేసుకుని ఎక్కడికి వెళ్ళాలన్నది ఆయన బాధ. అరవై నాలుగేళ్ళ మనిషికి ఒక తాళంచెవి ఉండాలి. 

సరిగ్గా ఆ వారంలోనే మరియదాసు మాస్టారు కొట్టు మెట్లెక్కారు.

మరియదాసు గారు ఆ పేటలోని పురపాలక ఉన్నత పాఠశాలలో సైన్సు మాస్టారు. ఆ బడి ప్రయోగశాలలో ఒక అస్థిపంజరం పటం, మూతి పగిలిన పరీక్షనాళికలు నాలుగు, అయస్కాంతత్వం పోయిన అయస్కాంతం ఒకటి ఉండేవి. వాటి ఆధారంతో ఆయన పందొమ్మిదేళ్ళుగా ప్రకృతి రహస్యాలు బోధిస్తున్నారు. అది గాక ఓటర్ల జాబితా ఆయనే రాయాలి, పోలియో చుక్కల ఆదివారాలు ఆయనే నిలబడాలి, జనాభా లెక్కలకు ఆయనే తిరగాలి. సైన్సు మాస్టారు గనక ఏదైనా చెయ్యగలడని పైవాళ్ళ నమ్మకం. ఆయన మొహం ఎప్పుడు చూసినా అప్పుడే బస్సు తప్పిపోయిన మనిషిలా ఉండేది.

ఆయన తెచ్చిన కాగితం సారాంశం ఇది. జిల్లాలో విజ్ఞాన ప్రచార మండలి అని ఒకటుంది. కృష్ణాతీర నాటక సమాఖ్య అని ఇంకొకటుంది. మండలి సభలకు జనం రారు, సమాఖ్య నాటకాలకు కొత్త కథలు లేవు. ఈ రెండు లోటులనూ కలిపితే ఒక ఉత్సవం అవుతుందని ఇరువురి కార్యదర్శులకూ తోచింది. బడిపిల్లలు ఇంతవరకూ లోకంలో లేని యంత్రం ఒకటి ఊహించాలి. దాన్ని తయారుచేసి, దాని చుట్టూ పావుగంట నాటకం ఆడాలి. యంత్రానికి యాభై మార్కులు మండలి వేస్తుంది, నాటకానికి యాభై సమాఖ్య వేస్తుంది. ఫిబ్రవరిలో మైలవరంలో పోటీ. ఆ మీదట గెలిచిన నాటకాలు ఏడాది పాటు మూడు జిల్లాలు తిరుగుతాయి. ఆ తిరుగుడంతటికీ రంగస్థలం పని చూసే మనిషిని సమాఖ్య అక్కడే ఎంచుకుంటుంది.

బడే మియా ఆ చివరి వాక్యం మాస్టారి చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఏడాదంటే ఏడాదేనా మాస్టారూ?"

"కాగితంలో అలాగే ఉందండీ. కాగితాల మాట నేనేం చెప్పగలను."

"పిల్లలు ఏం యంత్రం చేస్తారంట?"

"అది వాళ్ళింకా ఊహించాలి. రేపు నాలుగో పీరియడ్లో ఊహిస్తారు. టైం టేబుల్ వేశాను."

నాలుగో పీరియడ్లో తొమ్మిదో తరగతి ఊహించింది. ఆమోసు అనే కుర్రాడు దోమల బలంతో తిరిగే ఫ్యానును ప్రతిపాదించాడు. కరెంటు పోయినప్పుడు దోమలు ఎలాగూ వస్తాయి గనక ముడిసరుకు కొరత లేదన్నాడు. మాస్టారు దోమను నూలు దారంతో కట్టడం ఎవరికి చేతనవునని అడిగి ఆ ప్రతిపాదనను తోసిపుచ్చారు. పవన్‌కుమార్ తనంతట తను హోంవర్కు రాసే పలక చెప్పాడు. అది మాస్టారి వృత్తికే ముప్పు గనక చర్చకు రాలేదు. చివరి బెంచీలో ఆస్మా లేచింది.

ఆస్మా పేరు పక్కన హాజరు పట్టీలో మొదటి పీరియడుకు వారంలో మూడు రోజులు గైర్హాజరు ఉండేది. కారణం కుళాయి. కొండవాలులోని ఆ వీధికి ఉన్నది ఒక్క కుళాయి. నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు, వచ్చినప్పుడు ఎవరి బిందె ముందో ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడపిల్ల బిందెకు కాపలా కూచోవాలి. పిల్ల లేచిపోతే బిందె వెనక్కి పోతుంది.

"బిందెలు వాటంతటవే వరసలో నిలబడాలి సార్" అంది ఆస్మా. "ఒకటి నిండగానే అది పక్కకి పోవాలి, రెండోది రావాలి. ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటేనే గొడవ."

మాస్టారు ఈ ప్రతిపాదనను తోసిపుచ్చలేదు. ఆయన ఇంట్లోనూ ఆ కాపలా ఉంది.

యంత్రం పేరు కుళాయి పెద్దమనిషి అని నిర్ణయమైంది. తగవు తీర్చేవాడు పెద్దమనిషి గనక. దాని నిర్మాణం ప్రతి శనివారం మధ్యాహ్నం బడే మియా కొట్టు ముందు జరిగేది. ఏటవాలుగా ఒక పొడుగాటి బల్ల. దాని మీద సైకిలు బేరింగులు బిగించిన పీటలు ఐదు, పీటకొక బిందె. బల్ల మధ్యలో కుళాయి కింద, త్రాసులా వాలే చెక్క ఒకటి. బిందె నిండితే బరువుకు ఆ చెక్క వాలుతుంది, బిందె అవతలికి దొర్లిపోతుంది. చెక్క తిరిగి లేచేటప్పుడు ఒక దారాన్ని లాగుతుంది. ఆ దారం వెనక బిందెకు అడ్డుగా ఉన్న పుల్లను ఎత్తుతుంది, అది వచ్చి కుళాయి కింద నిలబడుతుంది. ఆఖరి బిందెకు గంట మోగుతుంది. అంతే. ఇందులో మాయ లేదు. బరువు, వాలు, ఒక దారం.

అంత మాటను పని చేయించడానికి ఆరు శనివారాలు పట్టింది. చెక్క ముందు సగం బిందెకే వాలేది. తరవాత నిండి పొర్లినా వాలేది కాదు. బడే మియా మోకాళ్ళు పట్టేసి కూచున్నచోటి నుంచి లేవడానికి ఇద్దరు పిల్లలు కావలసివచ్చేది. కళ్ళు ఆనక సూదిలో దారం ఆమోసు ఎక్కించేవాడు. ఒక్కో శనివారం సాయంత్రం, పిల్లలు వెళ్ళాక, ఆయన అంతఃపురం చుట్టకు వీపు ఆనించి, ఇంటికి నడిచే ఓపిక వచ్చేదాకా అలాగే ఉండిపోయేవాడు.

అయినా ఆ నెలన్నరా తాళంచెవి జేబులో బరువుగా ఉండేది. అది మాత్రం నిజం.

పిల్లలకు ఆయన నేర్పిన నటన కూడా ఒక్కటే. యంత్రం నడుస్తున్నంతసేపూ దారం వైపు చూడొద్దు. మీరు చూస్తే జనం చూస్తారు. ఆస్మాకు ఇది ఎక్కలేదు.

"చూస్తే ఏమయింది దాదా? మనం చేసిందేగా?"

"చేసినోడు చూపించుకోడు బేటా. వంట బాగుందంటారుగానీ పొయ్యి చూపించమంటారా ఎవరైనా?"

"సైన్సులో పొయ్యే చూపించాలంట. సార్ చెప్పారు."

సార్ చెప్పిన మాట నిజమే. న్యాయనిర్ణేతలు పనిచేయు విధానం అడుగుతారని మరియదాసు గారు ఆస్మా చేత ఒక అట్ట మీద బొమ్మ గీయించి, అంకెలు వేయించారు. ఆ అట్టను యంత్రం పక్కన నిలబెట్టాలని బడే మియాకు స్పష్టంగా చెప్పారు. బడే మియా తల ఊపాడు. రంగస్థలం మీద తల ఊపడానికి అనేక అర్థాలుంటాయని మాస్టారికి తెలియదు.

మైలవరంలో కాలేజీ మైదానంలో షామియానా వేశారు. ఫిబ్రవరి మొదటి ఆదివారం, పదకొండు గంటలకే ఎండ గుడ్డలోంచి కారుతోంది. జనం బాగానే వచ్చారు. చుట్టుపక్కల రైతులు, బళ్ళ పిల్లలు, వాళ్ళ తల్లులు. ముందు వరసలో యంత్రం మార్కులు వేసే రిటైరైన ఇంజనీరింగ్ ప్రొఫెసరు గారు, నాటకం మార్కులు వేసే పాత నటుడు, సమాఖ్య కార్యదర్శి. పాత నటుడు ఒకప్పుడు బడే మియా చక్రం కింద ముప్ఫై సార్లు తల పోగొట్టుకున్నవాడే. మాస్టారు కుళాయికి నీళ్ళొచ్చే డ్రమ్ము నింపించడానికి బక్కెట్లతో పోయారు. పిల్లలు మేకప్పులో ఉన్నారు.

బడే మియా యంత్రం దగ్గర ఒంటరిగా మిగిలాడు.

పదేళ్ళ తరవాత ఆయన నిజమైన తెర వెనక నిలబడ్డాడు. యంత్రం కేసి చూస్తే సిగ్గేసింది. తెల్లటి పురికొస దారం, పచ్చి చెక్క, అన్నీ బట్టబయలుగా కనిపిస్తున్నాయి. ముందు వరసలో తన వృత్తి ఎరిగినవాళ్ళు కూచున్నారు. ఆయన సంచిలోంచి నల్లగుడ్డ తీశాడు. వాలే చెక్క చుట్టూ, పుల్ల చుట్టూ మేకులు కొట్టి కప్పేశాడు. పురికొస విప్పి నల్ల పట్టుదారం కట్టాడు. ఆస్మా గీసిన అట్ట వెలుతురుకు అడ్డొస్తోందని తీసి వెనక తెర వైపు తిప్పి పెట్టాడు. ఆఖరున, నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ, ఎవరూ అడక్కుండానే, పుల్లకు ఇంకొక దారం కట్టి, దాని కొస చేతికి చుట్టుకుని, తెర వెనక స్టూలు మీద కూచున్నాడు.

ఆస్మా వచ్చేసరికి తెర లేవడానికి గంట కొట్టారు. 

"దాదా, చెక్క కనపట్టంలేదు."

"కనపడకూడదమ్మా. పో, నీ చోట్లో నిలబడు."

నాటకం చక్కగా నడిచింది. చీర కట్టిన ఆమోసు శౌరమ్మ అనే గయ్యాళి వేషంలో వచ్చి, వీధిలో అందరి బిందెలూ వెనక్కి నెట్టి, తన బిందె ముందు పెట్టి, కొప్పు సవరించుకున్నాడు. జనంలో ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ప్రతి ఊళ్ళోనూ శౌరమ్మ ఉంటుంది, ఆమెకు మాత్రం ఆ సంగతి తెలియదు. తగవు ముదిరింది. అప్పుడు పెద్దమనిషిని ప్రవేశపెట్టారు. కుళాయి తిప్పారు. మొదటి బిందె నిండింది. ఎవరూ ముట్టుకోకుండా, ఏమీ కదలకుండా, బిందె తనకు తానే పక్కకు తప్పుకుంది. రెండోది ఆలోచించుకుని వచ్చినట్టు వచ్చి నిలబడింది. మూడోది, నాలుగోది. ఆమోసు తన బిందెను మధ్యలో దూర్చబోతే ఎదురుగా వస్తున్న బిందె దాన్ని తోసేసింది. ఐదోదానికి గంట మోగేసరికి షామియానా దద్దరిల్లింది. వెనక వరసలో ఒక ముసలమ్మ యంత్రానికి దణ్ణం పెట్టింది.

చప్పట్లు ఆగకముందే సమాఖ్య కార్యదర్శి తెర వెనక్కి వచ్చాడు.

"మియా, ఇలాంటి పని చూసి పదేళ్ళయింది. బహుమతి సంగతి ఆ మండలివాళ్ళు చూసుకుంటారు. టూరు పని మాత్రం నీది. మార్చి నుంచి మొదలు."

బడే మియా చేయి గుండె మీద పెట్టుకుని వంగాడు. దారం ఇంకా చేతికి చుట్టే ఉంది.

అదే సమయంలో వేదిక ముందు ప్రొఫెసరు గారు ఆస్మాను యంత్రం ఎలా పనిచేస్తుందని అడుగుతున్నారు. ఆస్మాకు వివరించాల్సిన అట్ట లేదు, చూపించాల్సిన చెక్క లేదు. నల్లగుడ్డ వైపు వేలు చూపించి దాని కింద ఉందండీ అంది. ప్రొఫెసరు గారు నలభై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో తిరిగిన మనిషి. నల్లగుడ్డ కింద ఉన్నదేదీ ఆయన ఒప్పుకోడు. కర్ర తాటించుకుంటూ మెట్లెక్కి, తెర పక్కకు లాగారు. లాగితే ఏముంది, స్టూలు మీద ఒక ముసలాయన, చేతిలో దారం. ఆ దారం రెండో కొస బిందె ముందున్న పుల్లకు.

"ఇదన్నమాట పెద్దమనిషి" అన్నారు ప్రొఫెసరు గారు.

"లాగలేదండీ" అన్నాడు బడే మియా.

"లాగనివాడికి చేతిలో దారం ఎందుకు?"

అసలు సంగతేమిటంటే, బడే మియా జీవితంలో చేతిదారం ఒక్కసారైనా లాగకుండా నడిచిన ట్రిక్కు ఇదే. ఐదు బిందెలూ వాటి బరువు మీద అవి వెళుతుంటే, దారం చేతిలో వదులుగా వేలాడుతుంటే, ఆయన నోరు తెరుచుకుని చూస్తూ కూచున్నాడు. కానీ ఈ ముక్క ఎవరు నమ్ముతారు.

ప్రొఫెసరు గారు కాగితం మీద సున్న చుట్టారు. అక్కడితో ఆగక, పిల్లల చేత మోసం ఆడించారని, బడి పేరుతో సహా నివేదికలో రాయవలసి ఉంటుందని మైకులోనే చెప్పారు. మరియదాసు గారు బక్కెట్టు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఆమోసు కొప్పు ఊడదీశాడు. ఆస్మా ఏడవలేదు. తిన్నగా తెర వెనక్కి వచ్చింది.

"గుడ్డ తీసేద్దాం దాదా. మళ్ళీ ఆడిద్దాం. నువ్వు ముందుకొచ్చి కూచో, అందరికీ కనపడేట్టు."

కార్యదర్శి ఇంకా పక్కనే ఉన్నాడు. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "మియా, ఆ పని చెయ్యకు. నివేదికలూ గివేదికలూ నాల్రోజులకి అందరూ మర్చిపోతారు. ఆరొందల మంది ముందు గుట్టు విప్పిన మనిషిని టూరుకి తీసుకుంటే మా ఆర్టిస్టులు ఊరుకోరు. రేపు వాళ్ళ ట్రిక్కులూ ఇలాగే విప్పుతాడంటారు. నీకు తెలీందేముంది."

తెలియనిదేమీ లేదు. దారం కనపడనివ్వనివాడు గనకనే ఆయనకు నలభై ఏళ్ళు పని దొరికింది. ఇప్పుడు స్టూలు మీద నుంచి కదలకుండా ఉంటే చాలు, కొట్టు మిగులుతుంది. కదలకుండా ఉండడం మోకాళ్ళకు కూడా సుఖమే.

"మనం మోసం చెయ్యలేదుగా" అంది ఆస్మా. అడిగినట్టు అంది. ఆ పిల్లకే అనుమానం వచ్చినట్టుంది.

బడే మియా ఆ పిల్ల మొహం చూశాడు. చేతి దారం విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగిసిపోయి రాలేదు. ఆస్మా పళ్ళతో కొరికింది.

తరవాత జరిగినదాన్ని రంగస్థల చరిత్రలో ఎవరూ రాయరు. ఒక ట్రిక్ సీను మనిషి తెర ముందుకు నడిచి వచ్చి, సుత్తి వెనక భాగంతో మేకులు ఒక్కొక్కటే పీకి, నల్లగుడ్డ లాగి పడేశాడు. పట్టుదారం ఎండకు కనపడదని, దాన్ని విప్పి పాత పురికొస మళ్ళీ కట్టాడు. దీనికి అరగంట పట్టింది. జనంలో సగం మంది సోడాలకు పోయారు. ఆయన కుర్చీ ఒకటి తెప్పించుకుని, వేదిక అంచున, ప్రొఫెసరు గారికి ఎదురుగా కూచుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆయనను ప్రేక్షకులు చూడడం అదే మొదలు. చొక్కా చంకలో చిరుగు ఉంది.

కుళాయి తిప్పారు. ఆస్మా ఒక్కో బిందెకూ ఏది వాలుతోందో, ఏది లేస్తోందో చెబుతోంది. ఒకటి వెళ్ళింది. రెండు వెళ్ళింది. మూడో బిందె దారి మధ్యలో ఆగిపోయింది.

షామియానా అంతా ఆ బిందె కేసి చూసింది. తెర వెనక ఎవరూ లేరు. బడే మియా కుడిచేతి వేళ్ళు మోకాలి మీద ముడుచుకున్నాయి, అంతకన్నా కదల్లేదు. ఆ క్షణం ఎంత పొడుగుందో ఆయనకే తెలియాలి.

ఆస్మా వంగి పీట కింద చూసింది. "బేరింగులో ఇసక పడిందండీ" అని ప్రొఫెసరు గారికి చెప్పింది. ఓణీ కొంగుతో తుడిచింది. బిందె వెళ్ళిపోయింది. నాలుగు, ఐదు, గంట.

చప్పట్లు పెద్దగా లేవు. ఎలా జరుగుతోందో తెలిసిపోయాక జనానికి అది ఒక బల్ల, ఐదు బిందెలు మాత్రమే. దణ్ణం పెట్టిన ముసలమ్మ ఇందాకటి దణ్ణం వెనక్కి తీసుకున్నట్టుగా చూసింది. ప్రొఫెసరు గారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, తప్పు కనిపెట్టి దిద్దినందుకు ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నానని చెప్పి, సున్న కొట్టేసి నలభై ఐదు వేశారు. నివేదిక మాట మళ్ళీ ఎత్తలేదు. బడే మియాకు క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచి, ఆ చొక్కా చిరుగు చూసి, ఏమనుకున్నారో, తన కుర్చీ పక్కనున్న మజ్జిగ గ్లాసు పంపించారు. పాత నటుడు నలభై ఎనిమిది వేసి ఉన్నవాడు కాస్తా రసభంగం అయిందని పాతికకు దించాడు. వేస్తున్నప్పుడు బడే మియా వైపు చూడలేదు.

మొదటి బహుమతి బెంజ్ సర్కిల్ వైపు నుంచి వచ్చిన ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూలుకు వచ్చింది. వాళ్ళది థర్మోకోల్ రోబో. అది ఏ పనీ చెయ్యలేదు. కానీ తాను ఏ పనులు చెయ్యగలదో టేపురికార్డరులో మంచి ఇంగ్లీషులో చెప్పింది. పెద్దమనిషికి మూడో స్థానం. టూరు పని గుంటూరు నుంచి వచ్చిన ఫైబర్ సెట్టింగుల ఆయనకు ఇచ్చారు. ఆయన వస్తువుల్లో కదిలేది ఏదీ లేదు గనక గుట్టు విప్పే ప్రమాదం కూడా లేదు.

తిరుగు బస్సులో కొండపల్లి దగ్గర మరియదాసు గారు, అట్ట పక్కన పెట్టమని మీకు చెప్పాను గదండీ అన్నారు. కోపం లేదు, ఓపిక లేక అన్నారు. చెప్పారండీ, తప్పు నాదే అన్నాడు బడే మియా. ఆ తరవాత మాస్టారికి నిద్ర పట్టి తల ఆయన భుజం మీదికి వాలింది. బడే మియా భుజం కదపకుండా విజయవాడ దాకా వచ్చాడు.

మార్చి ఆఖరున తారిక్ మాట తప్పలేదు. పొద్దున్నే నాలుగు చక్రాల తోపుడుబండి తెచ్చాడు. పాతసామాన్లవాడితో మాట్లాడి ఉంచాడు కూడా. కానీ బండి ఎత్తేలోపు మరియదాసు గారు ఇద్దరు పిల్లలతో వచ్చారు. బడి ప్రయోగశాలలో చోటుకు కొదవ లేదని, అక్కడ ఉన్నదల్లా చోటేనని తారిక్‌కు చెప్పారు. తారిక్ తండ్రి కేసి చూశాడు.

"ఏమంటారు అబ్బాజాన్?"

"కప్పీలూ బేరింగులూ పంపించు. కిరీటాలు నీ ఇష్టం."

తారిక్ అన్నీ బడికే తోలాడు, చెదలు పట్టిన స్వర్గంతో సహా. ప్రధానోపాధ్యాయురాలు అమలమ్మ గారు గదలు, కిరీటాలు దించుతుంటే చూసి నెత్తి పట్టుకున్నారు. వీటిని స్టాకు రిజిస్టరులో ఏమని రాయాలని అడిగారు. మరియదాసు గారు చాలాసేపు ఆలోచించి, భౌతికశాస్త్ర పరికరములు, వివిధ రకములు అని రాశారు. గరిమనాభి పాఠానికి గద బాగా పనికొస్తుందని సమాధానం కూడా సిద్ధంగా ఉంచుకున్నారు. ఇన్స్పెక్షనుకు వచ్చినవాళ్ళెవరూ ఆ గదిలోకి తొంగిచూడలేదు గనక అది వాడే అవసరం రాలేదు.

ఏప్రిల్లో కొట్టు ఎస్టీడీ బూతు అయింది. పసుప్పచ్చ బోర్డు, గాజు పెట్టె, ఎర్రంకెల మీటరు. జుబియాకు చంటిపిల్ల ఉండడం వల్ల పగటిపూట కౌంటరు దగ్గర బడే మియానే కూచునేవాడు. జనం గాజు పెట్టెలో దూరి దుబాయికీ, హైదరాబాదుకీ మాట్లాడుకుంటుంటే, వాళ్ళ పెదాలు కదలడం చూస్తూ కునికేవాడు. తాళంచెవి మాత్రం తారిక్ దగ్గర ఉండేది.

బడి తెరిచాక ఓ శనివారం మరియదాసు గారు రమ్మన్నారు. పిల్లలు పరికరాలు విప్పారట, తిరిగి బిగించడం రావట్లేదట. బడే మియా మోకాళ్ళ సంగతి చెప్పాడు, కౌంటరు సంగతి చెప్పాడు, చూద్దాంలెండి అన్నాడు. ఆ మధ్యాహ్నం రెండింటికి షట్టరు దించేసి వెళ్ళాడు. పై శనివారం కూడా వెళ్ళాడు. జీతం లేదు, పేరు లేదు. ప్రయోగశాల బెంచీ మీద సగం సేపు నిద్రపోయేవాడు. మేలుకున్నంతసేపూ పదో తరగతి పిల్లలు ఆయన చుట్టూ గుమిగూడి, చక్రం వేలికి ఎలా తిరిగొస్తుందో విప్పి చూసేవాళ్ళు.

బూతుకు వచ్చేవాళ్ళు గొణిగారు. శుక్రవారం నమాజుకు మూస్తారు సరే, శనివారం ఎందుకు మూస్తారని తారిక్‌ను నిలదీశారు. తారిక్ తండ్రిని అడిగి, జవాబు అర్థం కాక, రెండు వారాలు చూసి, చివరకు ఒక రేకు ముక్క మీద పెయింటుతో రాయించి షట్టరుకు వెల్డింగ్ చేశాడు. వెల్డింగ్ చేసింది గనక అది ఇప్పటికీ ఊడలేదు. బూతు పోయింది, ఫోను రీచార్జి కొట్టు వచ్చింది, బడే మియా పోయి కూడా ఏళ్ళయింది. శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి సెలవు అని మాత్రం ఉంది. ఇప్పటి కొట్టువాడు ఆ పూట కూడా తెరిచే ఉంచుతాడు. ఎందుకు రాశారో అతనికి తెలియదు.